బేస్‌మెంట్‌లో పాత మేటాగ్ సెట్ ఉంది – బాగుచేసి రోజూ వాడుకోవచ్చా?

శ్రీను_కొలంబస్
అందరికీ నమస్తే. ఒహాయోలోని కొలంబస్ శివార్లలో పాత ఇల్లు కొన్నాం. అమ్మిన పెద్దావిడ బేస్‌మెంట్‌లో వాషర్, డ్రయ్యర్ రెండూ వదిలేసి వెళ్లారు. రెండూ మేటాగ్ అనే అమెరికా కంపెనీవి. వాషర్ ఏ606, డ్రయ్యర్ డీఈ606, కరెంటుతో నడిచేది. 1970ల నాటివని పక్కింటాయన అన్నారు. హార్వెస్ట్ గోల్డ్ అనే ఆ ముదురు పసుపు రంగు చూస్తే నమ్మాల్సిందే.

ఇల్లు చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ "ఇవి తీయించేయండి" అన్నాడు. మా ఆవిడదీ అదే మాట. నేను ఊరుకోలేక వాషర్ ప్లగ్ పెట్టి చూశాను. నీళ్లు పట్టింది, ఉతికింది, పిండింది. స్పిన్ మొదలయ్యేటప్పుడు మాత్రం కీచుమంటోంది. డ్రయ్యర్ ఇంకా ముట్టుకోలేదు. దాని వెనక గొట్టం చూస్తేనే భయమేసింది.

అద్దె ఇంట్లో ఉన్నప్పుడు కొత్త మెషీన్ బోర్డు వారంటీ అయిపోగానే పోయింది. బోర్డు ధర విని ఇంకో మెషీన్ కొనుక్కున్నాం. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందుకే అడుగుతున్నా: ఇలాంటివి బాగుచేసి ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రోజూ వాడుకోవచ్చా, లేక ఇది సరదాకి దాచుకునే సామానేనా?

మినపట్టు
ఫొటో పెట్టకుండా హార్వెస్ట్ గోల్డ్ గురించి రాయడం అన్యాయం అన్నా.

పానా_బాబాయ్
శ్రీనూ, ముందు ఒక పని చెయ్. పాత సామాను తీసుకెళ్లేవాడికి ఫోన్ చేసి ఉంటే రావద్దని చెప్పు.

మేటాగ్‌లో నీకు దొరికింది హెలికల్ డ్రైవ్ మెషీన్. 1950ల మధ్య నుంచి దశాబ్దాల పాటు చిన్న చిన్న మార్పులతో అదే మూల డిజైన్‌ని తయారుచేశారు. అందువల్లే ఇప్పటికీ దాని బెల్టులు, సీళ్లు, పంపులు దొరుకుతున్నాయి. పాత మెషీన్ రోజూ వాడుకోవాలంటే నేను చూసేది ఇదొక్కటే: అదే భాగాలతో ఎన్నేళ్లు తయారైంది? మెరుస్తోందా, అరుదైనదా అన్నది షోకేసులో పెట్టుకునేవాళ్లకి.

లోపల జరిగేది చాలా సింపుల్. మోటార్ ఒక వైపు తిరిగితే అజిటేటర్, అంటే టబ్ మధ్యలో బట్టల్ని ఆడించే స్తంభం, ఆడుతుంది, రెండో వైపు తిరిగితే టబ్ తిరుగుతుంది. గేర్లు మార్చడానికి వేరే సోలినాయిడ్ (కరెంటుతో కదిలే మీట) లేదు. స్పిన్ దిశలో తిరిగినప్పుడు కింది కప్పీ మర చుట్టలా ఉన్న ఇరుసు మీద పైకెక్కి బ్రేక్‌ని వదులుతుంది. మోటార్ ఆగిందా, స్ప్రింగు బ్రేక్‌ని మళ్లీ పట్టిస్తుంది. మూత ఎత్తితే టబ్ కొద్ది సెకన్లలో ఆగిపోవాలి. ఆగకపోతే బ్రేక్ చూసుకోవాలి.

నువ్వు చెప్పిన కీచు శబ్దం దాదాపు కచ్చితంగా బెల్టుదే. ఇందులో రెండు బెల్టులుంటాయి, ఒకటి టబ్‌కి, ఒకటి పంపుకి. మోటార్ గట్టిగా బిగించి ఉండదు. స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ జరిగే బల్ల మీద ఉంటుంది. నీళ్లు నిండిన టబ్ ఒక్కసారిగా కదలదు కాబట్టి, అది వేగం అందుకునేదాకా బెల్టు కొంచెం జారాలనే అలా పెట్టారు. బెల్టు గాజులా నున్నగా అయిపోయినా, మోటార్ బల్ల ఎండిపోయి జరగకపోయినా కీచుమంటుంది. బెల్టులు మేటాగ్‌వే కొను. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు వీ బెల్టు కొలత సరిపోయినా జారాల్సిన చోట జారదు. పట్టేస్తుంది. మోటార్ మీద భారం పడుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పరీక్ష. ముందు ప్యానెల్ అడుగున రెండు స్క్రూలుంటాయి, తీసి ప్యానెల్ కిందినుంచి లాగు, ఊడొస్తుంది. టబ్ నిండా నీళ్లు పట్టి ఆపేసి, గంట తర్వాత టార్చ్ వేసి కింద మధ్యలో చూడు. తడి ఉందా? తుప్పు రంగు చారలు ఉన్నాయా? నూనె చుక్కలు ఉన్నాయా? ఈ మూడూ చెప్పు, మిగతాది తర్వాత.

శ్రీను_కొలంబస్
బాబాయ్ గారూ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. శనివారం చూసి రాస్తాను.

సుజాత_ఆస్టిన్
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. ఆ కాలం టాప్ లోడర్ నిండా వేస్తే ఒక్కో ఉతుకుకి దాదాపు 40 గాలన్లు తాగుతుంది, మన లెక్కలో 150 లీటర్లు. ఇవాళ్టి ఎనర్జీ స్టార్ (పొదుపుగా నడిచేవాటికి ఇచ్చే ముద్ర) మెషీన్‌కి 14 గాలన్లు చాలు. అందులో ఎంత వేడినీళ్లయితే అంత గ్యాస్ బిల్లు. పిండడం కూడా నిమిషానికి 600 చుట్ల చిల్లర. కొత్త ఫ్రంట్ లోడర్ 1200 పైన తిరుగుతుంది. బట్టలు తడిగా బయటికొస్తే డ్రయ్యర్ ఎక్కువసేపు తిరగాలి. అంటే కరెంటు కూడా పోతుంది. మా టెక్సస్‌లో వేసవిలో తోటకి నీళ్లు పెట్టే రోజుల మీద కూడా ఆంక్షలుంటాయి. ఇలాంటి చోట ఇది షోకు.

కెన్‌మోర్_కిరణ్
సుజాతక్కా, లెక్క నిజమే. కానీ 40 గాలన్లన్నది నిండు లోడుకి. వాటర్ లెవెల్ మీట ఉంటుంది, సగం లోడుకి సగం పట్టొచ్చు. సెన్సర్లున్న కొత్త మెషీన్ తనకి తోచినంత పోసుకుంటుంది, పిల్లల జీన్స్ మీద డిటర్జెంట్ పొడి తెల్లగా అలాగే ఉండిపోతుంది. ఇంకోసారి జాడించాలి. ఆ నీళ్లు ఎవరూ లెక్కేయరు.

సుజాత_ఆస్టిన్
డిటర్జెంట్ తగ్గించు తమ్ముడూ, మెషీన్ మీద వేస్తావెందుకు. మనవాళ్లు మూత నిండా పోస్తారు. రెండు చెంచాలు చాలు.

కెన్‌మోర్_కిరణ్
అది ఒప్పుకుంటా 😀

పానా_బాబాయ్
సుజాత గారు చెప్పింది కొట్టిపారేసేది కాదు. నీళ్ల కరువున్న చోట, ఇంటికి సెప్టిక్ ట్యాంక్ ఉన్న చోట నేను కూడా ఫ్రంట్ లోడరే కొనమంటా. ఒకేరోజు ఐదారు లోడ్లు వేస్తే సెప్టిక్ ట్యాంక్ తట్టుకోలేదు. ఒహాయోలో సిటీ వాటర్, సిటీ మురుగు కాల్వ ఉంటే ఆ బెంగ లేదు.

అప్పట్లోనూ నీళ్ల పొదుపు ఆలోచన ఉండేదని చాలామందికి తెలీదు. సడ్స్ సేవర్ అని కొన్ని మేటాగ్, కెన్‌మోర్ మోడళ్లలో వచ్చేది. ఉతికిన సబ్బునీళ్లని పక్కనున్న సింకు తొట్టిలోకి తోడి, తర్వాతి లోడుకి మళ్లీ లోపలికి లాక్కునేది. తెల్లవి ముందు, తర్వాత రంగువి, చివర్లో పనిబట్టలు. మన అమ్మమ్మలు బావి దగ్గర చేసిందే. శ్రీనూ, నీ మెషీన్ వెనక డ్రెయిన్ గొట్టాలు రెండుంటే అది సడ్స్ సేవర్, చూసుకో.

రవి_ఎలక్ట్రికల్
డ్రయ్యర్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. వాషర్ పాడైతే నేల తడుస్తుంది. డ్రయ్యర్ పాడైతే ఇల్లు తగలబడుతుంది. అందుకే ప్లగ్ పెట్టకముందు:

వెనక ఉన్నది తెల్ల ప్లాస్టిక్ మడతల గొట్టమైతే దాన్ని ఈరోజే పారెయ్. వేడికి కరుగుతుంది, లింట్ (బట్టల నుంచి రాలే నూలు పొట్టు) అంటుకుంటే మండుతుంది. 4 అంగుళాల గట్టి లోహపు గొట్టం వేసుకో, వంపులు వీలైనంత తక్కువ. అతుకుల దగ్గర లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలు వాడకు, లింట్ వాటికే పట్టుకుంటుంది. అల్యూమినియం టేపు చాలు.

డ్రయ్యర్ ప్యానెళ్లు విప్పి లోపల పేరుకున్న లింట్ మొత్తం వ్యాక్యూమ్ చెయ్. తర్వాత వైరు తగిలించే దిమ్మ చూడు. నల్లగా మాడి ఉంటే దిమ్మ, కార్డు (ప్లగ్ ఉన్న కరెంటు తీగ) రెండూ మార్చాలి.

ప్లగ్ సంగతి. అది 240 వోల్టులు, 30 ఆంపియర్లు. పాత ఇళ్లలో మూడు కాళ్ల సాకెట్ ఉంటుంది. అమెరికా కరెంటు వైరింగ్ నియమావళి 1996 కోడ్ నుంచి కొత్త వైరింగ్‌కి నాలుగు కాళ్లు తప్పనిసరి. నీ గోడకి నాలుగు కాళ్ల సాకెట్ ఉంటే డ్రయ్యర్‌కి నాలుగు తీగల కార్డు వేయాలి. అప్పుడు న్యూట్రల్‌ని డబ్బా లోహానికి కలిపే పట్టీ తీసేయడం మర్చిపోకూడదు. ఉంచేస్తే న్యూట్రల్ కరెంటు డబ్బా మీదకీ గ్రౌండ్ తీగలోకీ వస్తుంది. తేడా తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలువు, ఇది యూట్యూబ్ చూసి నేర్చుకునే పని కాదు.

ఇంకోటి. 1979కి ముందు తయారైన కెపాసిటర్లలో పీసీబీ అనే విషపు నూనె ఉండొచ్చు. ఉబ్బి, జిడ్డు కారుతున్న పాత కెపాసిటర్ కనిపిస్తే ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు.

ఫ్రీమాంట్_పద్మ
గ్యాస్ డ్రయ్యర్లు ఉన్నవాళ్లకి కూడా ఒకటి చెప్పండి రవి గారూ. మా ఇంట్లో పాతది గ్యాస్‌దే.

రవి_ఎలక్ట్రికల్
పద్మ గారూ, గోడనుంచి డ్రయ్యర్‌కి వచ్చే మెలికల గొట్టం చూడండి. పైపూత లేని ఇత్తడి గొట్టమైతే అది 1980కి ముందరి రకం. అతుకు దగ్గర విరిగి గ్యాస్ లీకయిన ప్రమాదాలు జరిగాయి, వాడొద్దని ప్రభుత్వమే హెచ్చరించింది. దాన్ని జరిపి చూడటం కూడా వద్దు, జరిపినప్పుడే విరుగుతుంది. ప్లంబర్‌ని పిలిచి స్టీల్‌ది వేయించుకోండి.

ఫ్రీమాంట్_పద్మ
ఇప్పుడే చూసొచ్చా. ఇత్తడే. రేపు ప్లంబర్ వస్తున్నాడు. థాంక్స్ అండీ, నిజంగా.

గుంటూరు_గిరి
మీ చర్చ చదువుతుంటే మా నాన్నగారి ట్విన్ టబ్ గుర్తొచ్చింది. 1990ల్లో కొన్న సెమీ ఆటోమేటిక్. ఇప్పటికీ నడుస్తోంది. ఉతికే మోటార్ కెపాసిటర్, బెల్టు, పిండే వైపు బ్రేక్ వైరు, ఇవే మారుస్తూ వచ్చాం. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకుంటాం. టైమర్ అంటే చావి తిప్పే గడియారం లాంటిదే కాబట్టి బోర్డు గొడవ లేదు. డ్రయ్యర్ అంటారా, మాకు డాబా ఉంది.

ఒక డౌటు. మా అక్కావాళ్లు చికాగో నుంచి తిరిగొచ్చేస్తున్నారు. కంటైనర్‌లో ఎలాగూ సామాను వస్తుంది, వాళ్ల పాత మేటాగ్ తెచ్చుకోమంటారా? స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందా?

రవి_ఎలక్ట్రికల్
వద్దు గిరి గారూ. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 120 చేస్తుంది కానీ మన 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. ఆ మోటార్ వేగం హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. నిమిషానికి 1725 చుట్లు తిరగాల్సింది 1440 దగ్గర తిరుగుతుంది. టైమర్ మోటార్ కూడా అంతే, పది నిమిషాల ఉతుకు పన్నెండు నిమిషాలవుతుంది. అది భరించొచ్చు. అసలు సమస్య వేడి. 60 హెర్ట్జ్‌కి చుట్టిన మోటార్‌కి 50 దగ్గర అదే 120 వోల్టులిస్తే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. 100 వోల్టుల దాకా తగ్గించాలి. అంతా చేసినా స్పిన్ మెల్లగానే ఉంటుంది. అక్కడే ఎవరికైనా ఇచ్చేయమనండి.

పానా_బాబాయ్
చికాగో అన్నారు కదా, మోడల్ నంబర్ పెట్టమనండి గిరి గారూ. నేనే వెళ్లి తెచ్చుకుంటా.

లక్ష్మి_న్యూజెర్సీ
అజిటేటర్ ఉన్న మెషీన్‌లో చీరలు వేస్తారా ఎవరైనా? మా అత్తగారి నేత చీర దాని స్తంభానికి చుట్టుకుని తాడులా అయింది. అప్పట్నుంచి నాకు అజిటేటర్ అంటేనే భయం.

పానా_బాబాయ్
ఆరు గజాల బట్ట ఏదైనా చుట్టుకుంటుందమ్మా. వలసంచిలో మడత విప్పకుండా పెట్టి, నీళ్లు నిండా పట్టి, డెలికేట్ మీద వెయ్యాలి. మెషీన్‌ని కుక్కేస్తే ఏ చీరకీ గ్యారంటీ లేదు. పట్టువీ, నేతవీ చేత్తోనే.

ఈ మెషీన్ల గొప్పతనం లుంగీలు, తువ్వాళ్లు, దుప్పట్లు, పిల్లల బట్టల దగ్గర తెలుస్తుంది. హాట్ అని పెడితే హీటర్ నుంచి వచ్చిన నీళ్లే వస్తాయి. కొత్త వాటిలో చాలావరకు హాట్ అన్నా చన్నీళ్లు కలిపేస్తాయి. ఆవకాయ నూనె మరకకి ఆ తేడా చాలు.

కెన్‌మోర్_కిరణ్
ఇంట్లో దొరకని వాళ్లకోసం, ఎలా వెతకాలో నా పద్ధతి రాస్తా.

నేను ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో "వింటేజ్" అని వెతకను. ఆ మాట తెలిసినవాడు ధర కూడా వింటేజ్‌గానే పెడతాడు. "పాత వాషర్ పనిచేస్తుంది, తీసుకెళ్లాలి" తరహాలో రాసేవాళ్ల దగ్గరే అసలు సరుకు ఉంటుంది. ఎస్టేట్ సేల్స్‌లో (ఇంటి సామాను మొత్తం అమ్మేసేవి) చివరి రోజు మధ్యాహ్నం వెళ్తే బేస్‌మెంట్ సామాను ఎవరూ మోయలేక మిగిలిపోయి ఉంటుంది. హ్యాబిటాట్ అనే సేవాసంస్థ వాళ్లు పాత సామాను అమ్మే రీస్టోర్ దుకాణాలు కూడా చూడండి.

కెన్‌మోర్ అనేది సియర్స్ అనే దుకాణాల వాళ్ల బ్రాండ్, తయారీ వేరేవాళ్లది. మోడల్ నంబర్ 110తో మొదలైతే వర్ల్‌పూల్ చేసింది, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 362 అయితే జీఈ. 417 అయితే ఫ్రిజిడేర్. 796 అయితే ఎల్‌జీ, అది మన చర్చలోకే రాదు.

డ్రయ్యర్‌కైతే నా ఓటు 110 కెన్‌మోర్ లేదా వర్ల్‌పూల్ 29 అంగుళాలదానికే. లింట్ జల్లెడ పైనుంచి లాగేది. డ్రమ్ము కింద రెండు రోలర్లు, ఒక బెల్టు, బెల్టుని బిగించే ఒక చిన్న కప్పీ, అంతే. దశాబ్దాలుగా అవే భాగాలు. బెల్టు నంబర్ 341241, రోలర్లు 349241, థర్మల్ ఫ్యూజు 3392519. ఈ నంబర్లు కొడితే ఎక్కడైనా దొరుకుతాయి. మొదటిసారి పానా పట్టేవాడు దీంతో మొదలుపెడితే ధైర్యం వస్తుంది.

వాషర్లలో 1980ల నుంచి వచ్చిన వర్ల్‌పూల్ డైరెక్ట్ డ్రైవ్ రకం కూడా అంతే. బెల్టే ఉండదు. మోటార్‌కీ గేరుపెట్టెకీ మధ్య రబ్బరు, ప్లాస్టిక్ కప్లర్ ఉంటుంది, ఎక్కువ బరువేస్తే ముందు అదే విరిగి మిగతావాటిని కాపాడుతుంది. దాని నంబర్ 285753ఏ. డ్రెయిన్ అవుతుంది కానీ తిరగట్లేదు అంటే చాలాసార్లు అదే.

మినపట్టు
కిరణన్నకి ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు గుర్తుండవు, పార్టు నంబర్లు మాత్రం...

సుజాత_ఆస్టిన్
నిజాయితీగా ఒక ప్రశ్న. ఇంత తిప్పలు పడే బదులు పాత పద్ధతిలో చేసిన కొత్తది కొనొచ్చు కదా? స్పీడ్ క్వీన్ అనే కంపెనీ ఉందిగా.

పానా_బాబాయ్
కొనొచ్చు. విస్కాన్సిన్‌లోని రిపన్‌లో చేస్తారు. వాళ్ల క్లాసిక్ టీసీ5 అచ్చంగా పాతకాలపు టాప్ లోడరే. 2018లో వాళ్లు కూడా డిజైన్ మార్చారు, జనం ఊరుకోలేదు, పాతదాన్ని క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. పానా పట్టే ఓపిక, తీరిక లేనివాళ్లకి నేను చెప్పేది అదే. ధర ఎక్కువే.

కానీ ఒక జాగ్రత్త. షోరూంలో ఇవాళ మేటాగ్ అని రాసి ఉన్న మెషీన్ శ్రీను ఇంట్లో ఉన్నదానికి వారసుడు కాదు. అయోవాలోని న్యూటన్‌లో 1893లో వ్యవసాయ పనిముట్లతో మొదలైన కంపెనీ అది, 1907లో మొదటి వాషర్ చేసింది. 2006లో వర్ల్‌పూల్ కొనేసింది, మరుసటి ఏడు న్యూటన్ ఫ్యాక్టరీ మూసేశారు. పనిలేక ఖాళీగా కూర్చునే రిపేర్‌మ్యాన్ ప్రకటన 1967లో మొదలైంది, శ్రీను మెషీన్ ఆ రోజుల సరుకు. స్టిక్కర్ చూసి మోసపోకండి.

శ్రీను_కొలంబస్
శనివారం రిపోర్టు.

ప్యానెల్ తీశాను. గంట కాదు, రాత్రంతా నీళ్లుంచాను. కింద మధ్యలో పొడిగానే ఉంది. తుప్పు చారలు లేవు. నూనె మాత్రం పాత మరకలా కొంచెం కనిపించింది, వేలితో రాస్తే ఎండిపోయి ఉంది. పంపు బెల్టు పగుళ్లు బారింది, రెండోది గాజులా నున్నగా ఉంది. మోటార్ బల్లని చేత్తో తోస్తే కదిలింది కానీ గరగరమంది. డ్రెయిన్ గొట్టం ఒక్కటే, సడ్స్ సేవర్ కాదు.

స్పిన్ చివర్లో టబ్ కొంచెం కుదుపుగా ఊగుతోంది. బట్టలు సమంగానే వేశాను.

పానా_బాబాయ్
శుభవార్తే తమ్ముడూ. మధ్యలో పొడిగా ఉందంటే స్టెమ్ సీల్, అంటే ఇరుసు దగ్గర నీళ్లు కారకుండా ఆపే రబ్బరు, బాగుంది. అది పోయి ఉంటే నీళ్లు ఇరుసు వెంబడి బేరింగ్‌లోకి దిగి, తుప్పునీళ్లు కారేవి, స్పిన్‌లో విమానం ఎగిరినట్టు మోత వచ్చేది.

బెల్టులు రెండూ మార్చు. మార్చేటప్పుడు మెషీన్‌ని వెనక్కి వాల్చి చేస్తే తేలిక, కానీ ఒక్కడివే చేయకు. 200 పౌండ్ల దాకా ఉంటుంది. ప్లగ్ తీయడం చెప్పక్కర్లేదనుకుంటా. మోటార్ బల్ల జారే చోట పాత జిడ్డు తుడిచి కొత్త గ్రీజు కొంచెం పెట్టు, బెల్టుకి అంటనివ్వకు. పంపు బెల్టు మరీ బిగించకు, పంపు స్క్రూలు వదులు చేసి జరుపుకుంటే సరిపోతుంది.

కుదుపుకి కారణం డ్యాంపర్ ప్యాడ్లు. టబ్ బరువంతా మోస్తూ జారే మెత్తలు అవి. అరిగిపోతే లోహం మీద లోహం రాసుకుంటుంది. కిట్ దొరుకుతుంది, పాతవి గీకేసి కొత్తవి అతికించాలి. ఈ పని బెల్టులతో పాటే పెట్టుకోకు. ముందు బెల్టులు మార్చి ఓ రెండు వారాలు వాడి చూడు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది దేనివల్ల బాగైందో తెలియదు.

కెన్‌మోర్_కిరణ్
బాబాయ్, ఇంత విప్పుతున్నప్పుడు సీల్ కూడా మార్చేస్తే పోతుంది కదా? ఎప్పటిదో రబ్బరు. రేపు పోతే బేరింగ్ కూడా తీసుకుపోతుంది.

పానా_బాబాయ్
నాకు ఒప్పుదల లేదు కిరణ్. సీల్ మార్చాలంటే అజిటేటర్ లాగాలి, పై రింగు తీయాలి, లోపలి టబ్‌ని పట్టి ఉంచే పెద్ద నట్టు విప్పాలి. దానికి ప్రత్యేకమైన స్పానర్ కావాలి. పైగా అది ఎడమ మర. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు కొట్టాలి. తెలియక రెండో వైపు సుత్తితో బాది ఇంకా బిగించేసినవాళ్లని చూశాను. ఏళ్ల తరబడి కదలని టబ్ ఊడి రావడం మరో యుద్ధం. కారని సీల్‌ని కెలికి, టబ్ మీది పోర్సెలిన్ పూత పెచ్చు లేపుకుని, అక్కడ తుప్పు మొదలవడం కంటే అలా వదిలేయడం నయం. నెలకోసారి టార్చ్ వేసి చూసుకుంటే చాలు.

కెన్‌మోర్_కిరణ్
నేనైతే మారుస్తా. మీరు మార్చరు. శ్రీను నలిగిపోతాడు.

పానా_బాబాయ్
అజిటేటర్ మాత్రం లాగి చూడు శ్రీనూ. దాని కింద ఏళ్లనాటి సబ్బు మడ్డి ఉంటుంది. నేరుగా పైకి లాగితే రావాలి. రాకపోతే వేడినీళ్లు పట్టి అరగంట నాననిచ్చి, అంచు కింద తాడు వేసి సమంగా పైకి లాగు. స్క్రూడ్రైవర్ పెట్టి మీటితే విరుగుతుంది. అప్పుడప్పుడూ ఇలా తీసి కడుగుతుంటే అతుక్కోదు.

లక్ష్మి_న్యూజెర్సీ
దీనికి ఏ డిటర్జెంట్? అంగట్లో ఇప్పుడు అన్నీ హెచ్ఈ (తక్కువ నీళ్ల మెషీన్లకి చేసినవి) అనే ఉన్నాయి.

కెన్‌మోర్_కిరణ్
హెచ్ఈది ఇందులో వాడొచ్చు అక్కా, నురుగు తక్కువ, అంతే. నీళ్లు ఎక్కువ కాబట్టి కొలత కొంచెం పెంచాలి. నురగొచ్చే పాతరకం సబ్బు ఫ్రంట్ లోడర్‌లో మాత్రం వేయకూడదు.

శ్రీను_కొలంబస్
బెల్టులు వచ్చాయి, వేశాను, బావమరిది వచ్చి పట్టుకున్నాడు. కీచు శబ్దం పోయింది. స్పిన్ మొదట్లో చిన్న మూలుగు ఉంది, బాబాయ్ గారు చెప్పిన జారుడు అదేననుకుంటా. అజిటేటర్ వేడినీళ్ల చిట్కాతో వచ్చింది. దాని కింద ఒక పెన్నీ, రెండు హెయిర్‌పిన్నులు, పేరు పెట్టలేని బూడిద రంగు పదార్థం.

డ్రయ్యర్ లోపల లింట్ దిండు కుట్టుకునేంత వచ్చింది. ప్లాస్టిక్ గొట్టం తీసేసి లోహపుది వేశాను. గోడకి మూడు కాళ్ల సాకెట్టే ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి దిమ్మ బాగానే ఉందని, కార్డు మాత్రం మార్చాలని మార్చాడు. ఇప్పుడు వేడెక్కుతోంది, ఆగాల్సినప్పుడు ఆగుతోంది. వేడిచ్చే ఎలిమెంట్ పోతే మళ్లీ దొరుకుతుందా?

పానా_బాబాయ్
నీది మేటాగ్ వాళ్లు హేలో ఆఫ్ హీట్ అని పిలిచిన రకం డ్రయ్యర్. బట్టల మీద చాలా మృదువుగా ఉంటుంది. కానీ నిజం చెప్పాలి, దాని భాగాలు కిరణ్ చెప్పిన వర్ల్‌పూల్ డ్రయ్యర్ భాగాలంత తేలిగ్గా దొరకవు. వాడినన్నాళ్లు వాడు. పెద్ద భాగం పోయిందంటే దాని వెనక ఏడాది పరిగెత్తకు. 110 కెన్‌మోర్ ఒకటి తెచ్చుకో. రంగు కలవదు, అంతే. బేస్‌మెంట్‌లో చూసేదెవరు?

శ్రీను_కొలంబస్
మా ఆవిడతో ఒప్పందం కుదిరింది. వాషర్ ఉంటుంది, తువ్వాళ్లు ఎంత శుభ్రంగా వచ్చాయో ఆవిడే చెప్పింది. ఆవిడ షరతులు రెండు: ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, రాత్రి పడుకున్నాక డ్రయ్యర్ తిరగకూడదు. భాగం దొరకలేదని బేస్‌మెంట్‌లో రెండో మెషీన్ చేరకూడదు.

రవి_ఎలక్ట్రికల్
మొదటి షరతు కొత్త డ్రయ్యర్‌కి కూడా వర్తిస్తుంది. చెల్లెమ్మకి నా నమస్కారం చెప్పండి.

పానా_బాబాయ్
రెండో షరతు ఎక్కువ రోజులు నిలవదు.

వెంకట్_డెట్రాయిట్
ఈ పేజీ మొత్తం చదివాను. నాకు ఒక జీఈ ఫిల్టర్ ఫ్లో వాషర్ దొరికింది, ఆవకాడో పచ్చ, అజిటేటర్ మీద లింట్ పళ్లెం కూడా ఉంది. ఉచితంగా ఇస్తామంటున్నారు. నడుస్తోంది కానీ తుప్పు ఉంది. తీసుకోమంటారా?

పానా_బాబాయ్
తుప్పు ఎక్కడ వెంకట్? డబ్బా అంచున, మూత చుట్టూ అయితే ఇసుక కాగితం పట్టి ఎపాక్సీ పెయింట్ వేసుకోవచ్చు. లోపలి టబ్ చిల్లుల చుట్టూ పెచ్చులు లేచి ఉంటే బట్టలకి తుప్పు మరకలు పడుతూనే ఉంటాయి. బయటి టబ్ అడుగున అయితే ఉచితమైనా వద్దు, లింట్ పళ్లెం ఒక్కటి అడిగి తెచ్చుకో, ఎవరికో ఒకరికి కావాలి. నీళ్లు నింపి చూడనిస్తారా అడుగు. మోడల్ నంబర్ కూడా పెట్టు.

వెంకట్_డెట్రాయిట్
లోపలి టబ్ మీద చేయి పెట్టి చూశాను, నున్నగానే ఉంది. తుప్పు మూత వెనక అంచున. నీళ్లు ఆదివారం నింపి చూస్తారట, నంబర్ అప్పుడు పెడతా.

కెన్‌మోర్_కిరణ్
ట్రక్కు, డాలీ (బరువు తోసే చక్రాల బండి), పట్టీలు ముందే మాట్లాడుకో. మోసేటప్పుడు నిలువుగానే ఉంచు, టబ్ ఊగకుండా లోపల దుప్పట్లు కుక్కు. ఒక్కడివే వెళ్లకు.